ఏడాది ఆవర్జాలో కన్నీటి పద్దు

వర్తకుని అంగడిలో లెక్కపుస్తకములు రెండుండును. ఏనాటి బేరము ఆనాడు వ్రాయునది చిట్టా. ఆ పద్దులనే ఖాతాల వారీగా విడదీసి మరల వ్రాయునది ఆవర్జా. వార్తాప్రసారములకును ఈ భేదము కలదు. ప్రతిదినము వెలువడు వార్తలు చిట్టా వంటివి. డిసెంబరు మాసమున టెలివిజనువారు చూపు సంవత్సర సింహావలోకనము ఆవర్జా వంటిది. అయితే చిట్టాలో లేని ఖాతా యొకటి ఇందు వచ్చి చేరును. అది మనోభావముల ఖాతా. దానిని ఎట్లు వ్రాయుచున్నారన్నదే ఇప్పటి ప్రస్తావము.

ఇందుకు జర్మనీ దేశము మంచి ఉదాహరణము. అచ్చట ఈ కార్యక్రమములు రెండు తెరగుల నున్నవి. 1952 డిసెంబరు 26వ తేదీనుండి క్రమముగా వెలువడుచున్న 'టాగెస్‌షౌ' వార్తావిభాగమువారి సింహావలోకనము మొదటి తెరగునకు చెందినది. జనవరితో ఆరంభమై నెలల వరుసన సాగును. చిత్రమును, దానికి వివరణమును ప్రధానములు. రెండవ తెరగునకు ఆర్.టి.ఎల్. అను ప్రైవేటు సంస్థ 1996లో ఆరంభించిన కార్యక్రమము ప్రసిద్ధము. చాలకాలము దానిని గ్యుంటర్ యౌఖ్ నడిపెను. 'మనుష్యులు, చిత్రములు, ఉద్వేగములు' అని దాని పేరునకు అర్థము. ఆ యేటి ఘటనలతో సంబంధము గలవారే వచ్చి ప్రేక్షకుల యెదుట మాటలాడుదురు.

ఈ ప్రసారములలో భావోద్వేగము పెరుగుటకు కారణము కలదు. వార్త మొదట వచ్చిన దినమున మనము తెలిసికొనుటకై చూతుము. డిసెంబరులో ఆ సంగతి ముందే తెలిసియుండును. ఇక మిగిలినది అనుభవించుటయే. నాడు వాద్యధ్వని లేక చూపిన చిత్రమునకు నేడు మందస్థాయిలో సంగీతము తోడగును. చిత్రము మారలేదు, మన చూపు మారినది.

అసలు చిక్కు ఒక ఘట్టమునుండి మరియొకదానికి పోవుటలో నున్నది. 2015 మార్చి 24న జర్మనీ విమానమొకటి ఫ్రాన్సులోని ఆల్ప్స్ పర్వతములలో కూలి 150 మంది మరణించిరి. అందు హాల్టెర్న్ పట్టణమునకు చెందిన 16 మంది విద్యార్థులును, ఇద్దరు ఉపాధ్యాయినులును ఉండిరి. అట్టి సంగతి చెప్పిన వెనువెంటనే ఆటగాని చతురోక్తి వినిపించిన యెడల మనస్సు నొచ్చును. మన ఆలంకారికులు దీనిని ఏనాడో గుర్తించిరి. విరోధముగల రెండు రసముల నడుమ వేరొక రసము నుంచవలెనని ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దమున చెప్పి, హర్షుని నాగానందమును ఉదాహరించెను. ఆ 2015లోనే, జూలై 14న, మానవుడు పంపిన నౌక ప్లూటో చెంతకు చేరినది. కరుణమునకును హాస్యమునకును నడుమ నిలుపదగిన అద్భుతము అట్టిది. కూర్చువాడు ఈ మాత్రము ఓపిక వహించిన చాలును.

దుఃఖితులను వేదికపైకి పిలుచుట మరింత సున్నితమైన విషయము. 2021 జూలైలో ఆర్ నదీలోయలోను, పరిసరములలోను వరదలు వచ్చి జర్మనీలో 180కి పైగా జనులు మరణించిరి. ఇల్లు పోయినవానిని "అప్పుడు మీ కెట్లనిపించినది?" అని అడిగి కన్నీటికై కాచుకొనుట యొక పద్ధతి. "ముందుగా హెచ్చరిక అందినదా? ఇల్లు మరల నిలిచినదా?" అని అడుగుట యొక పద్ధతి. మొదటిది మనలను కరగించి విడుచును. రెండవది ఆ దుఃఖమునకు గౌరవమిచ్చి, కారణమును వెదకించును. కన్నీరు కారణమును కప్పివేసినచో ఆ పద్దు తప్పుగా వ్రాసినట్లే.

ఆవర్జాను ముందుగా మూసివేయుట మరియొక లోపము. ఇట్టి వేడుకలు పెక్కు డిసెంబరు తొలివారములలోనే ముగియును. 2016లో బెర్లిను క్రిస్‌మస్ సంతపై దాడి జరిగినది డిసెంబరు 19న. 2004లో సునామీ వచ్చినది డిసెంబరు 26న. అది మన ఆంధ్రతీరమునను నూరుమందికి పైగా ప్రాణములు గొనెను. ముందే మూసిన పుస్తకములలో ఇట్టివారికి చోటుండదు; మరుసటి యేటి పుస్తకము జనవరితో మొదలగును. మెల్లమెల్లగా ఇంకిపోవు భూగర్భజలము వంటి వాటికిని చోటు అరుదు. ఏలయన, వాటికి కన్నీరు తెప్పించు చిత్రము లేదు.

కావున భావమును వెలివేయుమని చెప్పుట కాదు. ఒక సంవత్సరమును మనుష్యులుగా గడిపినవారము, దానిని మనుష్యులుగానే తలచుకొందుము. అయితే అది సహజమైనదా, పూసినదా అని తెలిసికొనుటకు రేడియో శ్రోతలకు సులభోపాయ మొకటి కలదు. తెరనుండి మొగము త్రిప్పుకొని, సంగీతమును మనస్సున తీసివేసి, మాటలను మాత్రము వినుడు. ఎవరికి, ఎప్పుడు, ఏల జరిగినదో ఆ మాటలలో నున్నదా? ఉన్నచో మీకు కలిగిన జాలి న్యాయమైనది. లేనిచో, ఎవరి దుఃఖమునో మన వినోదపు ఖాతాలో జమకట్టినారన్నమాట.