ఇరవై కార్లొచ్చాయి... ఆరే పరుగెత్తాయి!

2005 జూన్ 19. అమెరికాలోని ఇండియానాపొలిస్ సర్క్యూట్ జనంతో కిటకిటలాడుతోంది. ఇరవై ఫార్ములా వన్ కార్లు రేసుకు ముందు వేసే చుట్టు పూర్తిచేశాయి. తీరా అసలు రేసు మొదలవ్వాల్సిన సమయానికి పద్నాలుగు కార్లు పక్కకు తిరిగి గ్యారేజీల్లోకి వెళ్లిపోయాయి. మిగిలినవి ఆరంటే ఆరే! టిక్కెట్టు కొన్నవాళ్లు ఊరుకుంటారా? అరుపులు, కేకలు... ట్రాక్ మీదకు సీసాలు.

ఇంజిన్లు చెడిపోలేదు, డ్రైవర్లు అలగలేదు. చిక్కంతా టైర్లతోనే.

విమానం రెక్క గాలి సాయంతో పైకి లేపుతుంది కదా, రేసు కారుకు అలాంటి రెక్కనే తిరగేసి బిగిస్తారు. అప్పుడు గాలి కారును నేలకేసి నొక్కుతుంది. వేగం రెట్టింపైతే ఈ నొక్కుడు నాలుగింతలవుతుంది. అందుకే అంత వేగంలోనూ మలుపుల్లో జారిపోదు. కానీ ఆ భారం మోయాల్సింది పాపం, టైర్లే. ఇండియానాపొలిస్ పదమూడో మలుపులో రోడ్డు ఏటవాలుగా ఉంటుంది. డ్రైవర్లు యాక్సిలరేటర్ మీంచి కాలు తీయరు. దాంతో టైరు మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. శుక్రవారం ప్రాక్టీసులో అక్కడే రాల్ఫ్ షుమాకర్ కారు ఎడమ వెనక టైరు దెబ్బతిని, కారు గోడను ఢీకొట్టింది.

తమ టైర్లు పూర్తివేగంతో పది చుట్లకు మించి భద్రం కాదని మిషెలిన్ తేల్చేసింది. రేసేమో 73 చుట్లు! పోనీ మధ్యలో మార్చుకుందామంటే, క్వాలిఫయింగ్‌కూ రేసుకూ ఒకే సెట్టు వాడాలన్నది ఆ ఏడాది నిబంధన. మలుపు ముందు వేగం తగ్గేలా అడ్డంకి పెట్టమని జట్లు బతిమాలినా నిర్వాహక సమాఖ్య ఒప్పుకోలేదు.

ఆ నిబంధన దెబ్బ మూడు వారాల ముందే జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో కిమి రైకోనెన్‌కు తగిలింది. ముందున్న కారును దాటబోయి గట్టిగా బ్రేకు వేసేసరికి ముందు టైరు ఒకచోట చదునుగా అరిగిపోయింది. ఇక ప్రతి చుట్టులోనూ ఒకటే కుదుపు. ఆగి మార్చుకుంటే గెలుపు చేజారుతుందని అలాగే నడిపాడు. చివరి చుట్టు మొదటి మలుపులో సస్పెన్షన్ విరిగిపోయింది. గెలుపు అలోన్సోకు దక్కింది. 2006లో టైరు మార్పులకు మళ్లీ అనుమతిచ్చారు.

ఇండియానాపొలిస్‌లో నిలిచిన ఆరూ బ్రిడ్జిస్టోన్ టైర్లవే. మైకేల్ షుమాకర్ గెలిచాడు. ఫెరారీలో అది మామూలే. మనవాళ్లకు గుర్తుండాల్సింది నాలుగో స్థానం. జోర్డాన్ కారు నడిపిన నరేన్ కార్తికేయన్‌ది అది. ఆరుగురిలో నాలుగోవాడేగా అని పెదవి విరిచినవారూ ఉన్నారు. అయినా ఫార్ములా వన్‌లో ఓ భారతీయుడికి పాయింట్లు రావడం అదే మొదటిసారి. నరేన్‌కు మళ్లీ ఆ అవకాశం రాలేదు.