ఆ నీలం బోగీలు ఇప్పుడెవరివి?

గూగుల్ మ్యాప్స్‌లో మనం బిర్యానీ సెంటర్ వెతుక్కుంటాం. ఫ్రాన్స్‌కి చెందిన ఆర్తూర్ మెటెటాల్ అనే పరిశోధకుడు ఏకంగా ఒక రైలునే వెతికి పట్టుకున్నాడు!

2015లో ఆయన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ పాత బోగీల లెక్క తీస్తున్నాడు. యూట్యూబ్‌లో ఒక వీడియో కనపడింది. వరసగా నీలం బోగీలు, వాటికి తెల్లటి పైకప్పులు. ఆ వీడియో ఆధారంగా ఉపగ్రహ చిత్రాల్లో పట్టాల వెంబడి గాలిస్తూ పోతే, పోలండ్-బెలారస్ సరిహద్దు దగ్గర మలషెవిచె అనే చోట తేలాయి. మొత్తం 17 బోగీలు. అందులో 12 స్లీపర్లే.

అంత పేరున్న రైలు అక్కడిదాకా ఎలా వెళ్లింది? దానికి కొంచెం ఫ్లాష్‌బ్యాక్ కావాలి.

ఓనర్ చేతులెత్తేశాక...

ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ 1883లో మొదలైంది. నడిపింది వాగన్-లీ అనే కంపెనీ. స్లీపర్లు, డైనింగ్ కార్లు ఆ కంపెనీవి. ఇంజిన్, పట్టాలు మాత్రం ఏ దేశానివి ఆ దేశానివే. ఒకరకంగా ఇప్పటి క్యాబ్ యాప్‌కి రివర్స్ అన్నమాట: బండి వీళ్లది, లాగేది వేరేవాళ్లు.

విమానాలొచ్చాక ఈ వ్యాపారం పడిపోయింది. 1971లో వాగన్-లీ సొంతంగా బోగీలు నడపడం మానేసింది. కొన్నిటిని ఆయా దేశాల రైల్వేలకి అమ్మింది, కొన్నిటిని అద్దెకిచ్చింది. 1977లో పారిస్ నుంచి ఇస్తాంబుల్‌కి నేరుగా వెళ్లే రైలు కూడా ఆగిపోయింది. ఇక 1920లు, 30లలో చేసిన చెక్కపని బోగీలతో ఎవరికి పని?

పనుందన్న వాళ్లు ముగ్గురు దొరికారు. ముగ్గురూ మూడు రకాలుగా వాడుకున్నారు.

ఒకాయన ఉన్నదున్నట్టు నడిపాడు

1977 అక్టోబరులో మాంటీకార్లోలో సోథ్‌బీస్ వేలం పెట్టింది. సరుకు రవాణా కంటెయినర్ల వ్యాపారి జేమ్స్ షెర్‌వుడ్ అక్కడ రెండు స్లీపర్లు కొన్నాడు. అక్కడితో ఆగలేదు. యూరప్ అంతా తిరిగి 35 దాకా పాత బోగీలు పోగేశాడు. ఖర్చు దాదాపు 1.6 కోట్ల డాలర్లు. 1982 మే 25న లండన్ నుంచి వెనిస్‌కి ‘వెనిస్ సింప్లాన్-ఓరియంట్-ఎక్స్‌ప్రెస్’ బయల్దేరింది.

ఈ బోగీల బయోడేటా వింటే మతిపోతుంది. 3309 నంబరు బోగీ 1929లో టర్కీలో మంచులో రోజుల తరబడి ఇరుక్కున్న రైల్లో ఉంది. 3544 నంబరుదైతే రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని లిమోజ్‌లో వేశ్యాగృహంగా వాడారట.

పాతవాటిని పాతగానే ఉంచారు. ఇప్పటికీ వేణ్నీళ్లకి బోగీ చివర బొగ్గు బాయిలరే. మామూలు కూపేలో వాష్ బేసిన్ ఉంటుంది, షవర్ ఉండదు. టాయిలెట్ బోగీ చివర్నే. అయినా టికెట్ వేల డాలర్లు! 2018లో మాత్రం సొంత బాత్రూమ్ ఉన్న మూడు గ్రాండ్ సూట్లు పెట్టారు. ఆ కంపెనీ పేరు బెల్మండ్‌గా మారింది. 2019లో లూయీ విటాన్ బ్యాగులమ్మే ఎల్‌వీఎంహెచ్ చేతికి వెళ్లింది.

ఇంకొకరు విప్పి మళ్లీ కడుతున్నారు

ఇప్పుడు పోలండ్ బోగీల సంగతి. స్విట్జర్లాండ్ ట్రావెల్ వ్యాపారి ఆల్బర్ట్ గ్లాట్ ‘నోస్టాల్జీ ఇస్తాంబుల్ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ పేరుతో నడిపిన రైలు ఇది. 1988లో పారిస్ నుంచి సైబీరియా, చైనా మీదుగా హాంకాంగ్, అక్కణ్నుంచి ఓడెక్కి జపాన్ వెళ్లింది. అక్కడ పట్టాల వెడల్పు 1,067 మిల్లీమీటర్లే కాబట్టి చక్రాల సెట్లు మార్చి మరీ టోక్యో చేర్చారు. అలాంటి రైలు చివరికి సరిహద్దు సైడింగ్‌లో తుప్పు పట్టింది.

2018లో వాటిని హోటళ్ల కంపెనీ అకార్ పక్షాన కొన్నారు. డిజైన్ పని ఆర్కిటెక్ట్ మాక్సిమ్ డాంజాక్‌కి అప్పజెప్పారు. పాత చెక్కపని, లలీక్ గాజు పలకలు ఉంచి, గదుల్ని సొంత బాత్రూమ్‌లున్న సూట్లుగా మారుస్తున్నారు. మన కోడింగ్ భాషలో షెర్‌వుడ్‌ది బగ్ ఫిక్సింగ్, వీళ్లది రీరైట్. రీరైట్ డెడ్‌లైన్ ఏమవుతుందో ఐటీవాళ్లకి చెప్పక్కర్లేదు. మొదట 2025 అన్నారు, తర్వాత వాయిదా పడింది.

తమాషా ఏంటంటే, 2024లో అకార్, ఎల్‌వీఎంహెచ్ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ కోసం చేతులు కలిపాయి. పోటీ రైళ్లు రెండింట్లోనూ ఒకే పెద్ద చెయ్యి!

మూడో ఓనర్: జనం

ఇంగ్లండ్‌లోని యార్క్ నేషనల్ రైల్వే మ్యూజియంలో 3792 నంబరు వాగన్-లీ స్లీపర్ ఉంది. లండన్-పారిస్ ‘నైట్ ఫెర్రీ’ రైలుది. రాత్రిపూట బోగీతో సహా ఓడెక్కి ఇంగ్లిష్ ఛానల్ దాటేది. ఇప్పుడది కదలదు. కానీ మ్యూజియానికి ఎంట్రీ ఫ్రీ. యూకేలో చదువుకునే మనవాళ్లు వీకెండ్‌లో ఒక రౌండ్ వెయ్యొచ్చు.

మామూలు టైమ్‌టేబుల్‌లో ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ అన్న పేరు 2009 డిసెంబరుదాకా ఉంది. స్ట్రాస్‌బర్గ్-వియన్నా మధ్య, కౌంటర్లో టికెట్ కొనుక్కుని ఎవరైనా ఎక్కే రైలది. దాన్ని తీసేశారు. బతికిన బోగీలేమో డబ్బున్నవాళ్ల చేతుల్లో బతికాయి. వాళ్లు కొనకపోతే చాలావరకు తుక్కు కింద పోయేవి. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కాకపోతే ఒకప్పుడు ఊరు చేరడానికి ఎక్కిన బోగీని, ఇప్పుడు ఊరికే ఎక్కడానికి కొంటున్నారు. ఓనర్లతో పాటు ప్యాసింజర్ కూడా మారిపోయాడు.