రేడియేషన్ సంగతి సరే, బోరు నీళ్ల సంగతేంటి? తుమ్మలపల్లె యురేనియం కథ

నేను బయటి దేశాల పత్రికలకు ఆసియా వార్తలు రాస్తుంటాను. రాజకీయం, ప్రజల ఆరోగ్యం రెండూ కలిసే చోటు ఎక్కడుంటే అక్కడికి పోతుంటాను. కానీ సొంతూరు మైలవరం. ఈరోజు చెప్పబోయేది మా ఇంటి దగ్గరి కథే. మైలవరం నుంచి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల దారి పడితే, ఆ పక్కనే వేముల మండలంలో తుమ్మలపల్లె వస్తుంది. యురేనియం గని ఉన్న ఊరు.

అక్కడికి మొదటిసారి పోయినప్పుడు విదేశీ విలేకరులందరూ అడిగే ప్రశ్నే నేనూ అడిగాను. రేడియేషన్ ఎంతుంది? ఆ రైతు దానికి జవాబు చెప్పలేదు. తోటలోకి తీసుకుపోయి అరటి ఆకు చూపించాడు. అంచులు మాడిపోయి ఉన్నాయి. కాలికింద నేల చూపించాడు. చౌడు పట్టి తెల్లగా ఉంది. నేను తప్పు ప్రశ్నతో వచ్చానని నాకు అర్థమవడానికి ఇంకో రెండు ట్రిప్పులు పట్టింది.

ఎందుకో చెప్తాను. మన కడప నాపరాయి గచ్చు మీద నిమ్మరసం పడితే ఏమవుతుంది? మచ్చ పడుతుంది కదా. అది సున్నపు రాయి, పులుపును తినేస్తుంది. తుమ్మలపల్లెలో యురేనియం ఉన్నది కూడా అలాంటి సున్నపు జాతి రాయిలోనే. జార్ఖండ్‌లోని జాదూగూడలో యాసిడ్ పోసి యురేనియం తీస్తారు. ఇక్కడ యాసిడ్ పోస్తే రాయే దాన్ని మొత్తం తాగేస్తుంది. అందుకే ఇక్కడ సోడియం కార్బొనేట్, సోడియం బైకార్బొనేట్, అంటే మనం చాకలి సోడా, వంట సోడా అనేవి వాడి, వేడి, ఒత్తిడి పెట్టి యురేనియాన్ని కరిగిస్తారు.

ఒక టన్ను రాయిలో అర కిలో యురేనియం కూడా ఉండదు. ఫ్యాక్టరీ సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల రాయి. అంటే ఆ పిండి దాదాపు మొత్తం వ్యర్థమే. సోడియం ఉప్పులతో కలిసి బురదలా ఒక పెద్ద చెరువులోకి పోతుంది. దాన్ని టెయిలింగ్ పాండ్ అంటారు. గొడవంతా దాని అడుగున పొర సరిగ్గా వేశారా లేదా అన్నదాని మీదే. చుట్టుపక్కల రైతులు బోర్లు చెడిపోయాయని ఫిర్యాదు చేశారు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నోటీసులు ఇచ్చింది. యురేనియం కార్పొరేషన్, అంటే యూసీఐఎల్, తమ చెరువు వల్ల నీళ్లు పాడవలేదని అంటుంది.

సోడియం ఎక్కువైన నీళ్లు పారిస్తే మట్టి బిగుసుకుపోతుంది. నీరు కిందికి దిగదు, వేరుకు గాలి ఆడదు. దానికి రేడియేషన్ అక్కర్లేదు. మీటరు పట్టుకుని పొలంలో తిరిగిన విలేకరికి ఏమీ కనపడదు, 'అంతా మామూలే' అని రాసుకుని వెళ్లిపోతాడు. రైతుకు మాత్రం తోట పోయి ఉంటుంది.

మరి తాగే నీళ్ల సంగతి? యురేనియం ఒక బరువు లోహం. నీళ్లలో ఉంటే అది ముందు దెబ్బతీసేది కిడ్నీలను, అదీ లోహపు విషం లాగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో లీటరుకు 2 మైక్రోగ్రాములు దాటొద్దంది. 2004లో 15 అంది. 2011లో 30కి పెంచింది. మన అణుశక్తి నియంత్రణ బోర్డు 60 దాకా పర్లేదంది. తాగునీటి ప్రమాణంలో బీఐఎస్ తర్వాత 30 పెట్టింది. ఇప్పుడు ఒక బోరులో 45 ఉందనుకోండి. అవే నీళ్లు ఒక కాగితం ప్రకారం మంచివి, ఇంకో కాగితం ప్రకారం చెడ్డవి! రిపోర్టులో 'పరిమితి లోపలే' అని ఉంటే, ఎవరి పరిమితి అని అడగాలి.

దద్దుర్లు, దురదలు యురేనియం వల్లేనని రాసెయ్యడం కూడా నాకు నచ్చదు. ఉప్పు, క్షారం ఎక్కువున్న నీళ్లు కూడా చర్మాన్ని పొడిబార్చి దురద పెట్టిస్తాయి. చర్మం ఫోటో వేస్తే వ్యూస్ వస్తాయి, నిజమే. కానీ కిడ్నీ పరీక్ష జరగాల్సిన ఊరికి ఆ ఫోటో ఏం ఉపయోగం?

కంపెనీ వాదనలో ఒక బలం ఉంది. రాయిలోనే యురేనియం ఉన్న చోట, బావి నీళ్లలో కొంత సహజంగానే ఉంటుంది. దీన్ని తేల్చే దారి ఒకటే. శంకుస్థాపన 2007లో, ఉత్పత్తి 2012లో మొదలైంది. అంతకుముందు అదే బోరులో ఎంతుండేది, ఇప్పుడెంతుంది? ఈ రెండు అంకెలు పక్కపక్కన ఊరివాళ్ల చేతిలో ఉండాలి.

రాజకీయం ఇక్కడే వస్తుంది. కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్‌స్క్‌లో 1949 నుంచి 1989 దాకా సోవియట్ సైన్యం 456 అణు పరీక్షలు చేసింది. 1989 ఫిబ్రవరిలో ఓల్జాస్ సులేమెనోవ్ అనే కవి టీవీలో కవిత్వం చదవాల్సిన సమయంలో రేడియేషన్ లీక్ గురించి మాట్లాడాడు. అది ఉద్యమమై, 1991 ఆగస్టు 29న ఆ కేంద్రం మూతపడింది. మన పక్కనే నల్లమలలో తవ్వకాలు వద్దని జనం లేస్తే, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది.

తుమ్మలపల్లెలో అలా జరగలేదు. ముఖ్యమంత్రుల సొంత నియోజకవర్గం, అయినా జరగలేదు. నల్లమలలో అది రాబోయే గని. ఇక్కడ గని వచ్చేసింది, భూమి పోయింది, బదులుగా కొందరికి ఉద్యోగాలొచ్చాయి. ఒకే ఇంట్లో అన్న గనిలో పనిచేస్తుంటాడు, తమ్ముడి తోట ఎండిపోతుంటుంది. ఆ ఇంట్లో ధర్నాకు ఎవరు వస్తారు చెప్పండి? పైగా అణు వ్యవహారం కేంద్రానిది. 1962 నాటి అణుశక్తి చట్టం సమాచారాన్ని దాచిపెట్టే అధికారం ఇచ్చింది.

అయినా బోరు నీళ్ల పరీక్ష బాంబు రహస్యం కాదు. కాలుష్య నియంత్రణ మండలికి ఆర్టీఐ కింద అడగొచ్చు. ఊరు పేరు, బోరు ఎక్కడుంది, ఏ తేదీ, యురేనియం ఎంత, సోడియం ఎంత అని విడివిడిగా అడగండి. 'నీళ్లు బాగున్నాయా' అని అడిగితే 'బాగున్నాయి' అనే జవాబే వస్తుంది.

ఇంకొకటి. రీల్స్‌లో టీడీఎస్ మీటరు ముంచి 'యురేనియం లేదు' అని చూపిస్తున్నారు. అది మొత్తం ఉప్పులను అంచనా కడుతుంది, యురేనియాన్ని విడిగా చూపలేదు. నీళ్లు కాచినా యురేనియం పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ ఫిల్టరు చాలావరకు తీసేస్తుంది. కాకపోతే అది తాగే బిందెకే. అరటి తోటకు ఆర్‌ఓ పెట్టలేం కదా.

ఆర్టీఐ దరఖాస్తు తెలుగులో ఎలా రాయాలో వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తాను. ఉంటాను.