జీపీఎస్ ట్రాకర్ తో డీజిల్ ట్యాక్స్ రీఫండ్: 31 శాతం కాస్తా 14 ఎలా అయ్యింది?

జీపీఎస్ ట్రాకర్ అనగానే మనకు గుర్తొచ్చేది బైక్ దొంగతనం, లేదంటే స్కూల్ బస్సు ఎక్కడుందో చూసే యాప్. కానీ అదే డబ్బా ప్రభుత్వం నుంచి మనకు రావాల్సిన డబ్బు లెక్క కూడా కట్టగలదు. ఆస్ట్రేలియాలో చాలా ట్రక్కు కంపెనీలు ఇప్పుడు ఈ పనే చేస్తున్నాయి. సిడ్నీలో మా బావకి రెండు టిప్పర్లు, ఒక ఎక్స్కవేటర్ ఉన్నాయి. ఆయన టిప్పర్ ఒకదాని మీద ఈ సెటప్ ని నేనే సొంతంగా చేసి మూడు నెలలు నడిపాను. ఎక్కడ పనిచేసింది, ఎక్కడ బోల్తా కొట్టింది, మొత్తం చెప్తాను.

ముందు ఈ రీఫండ్ ఏంటి?

ఆస్ట్రేలియాలో లీటరు డీజిల్ ధరలోనే ఎక్సైజ్ పన్ను కలిసి ఉంటుంది. 2025 ఆగస్టు 4న అది లీటరుకు 51.6 సెంట్లు అయ్యింది. వ్యాపారానికి వాడిన డీజిల్ మీద ఈ పన్నులో కొంత, కొన్నిసార్లు మొత్తం, వెనక్కి వస్తుంది. దీని పేరు ఫ్యూయల్ ట్యాక్స్ క్రెడిట్. 2006 నాటి ఫ్యూయల్ ట్యాక్స్ చట్టం కింద నడుస్తుంది. జీఎస్టీ కోసం మూడు నెలలకోసారి వేసే బ్యాస్ రిటర్న్ లో 7డి అనే గడి ఉంటుంది, ఆ మొత్తం అందులో రాయాలి.

మెలిక ఇక్కడే ఉంది. 4.5 టన్నుల కంటే బరువైన వాహనం పబ్లిక్ రోడ్డు మీద తిరిగితే రోడ్డు అరుగుదలకి ఛార్జీ కట్టించుకుంటారు. 2025 ఆగస్టులో అది లీటరుకు 32.4 సెంట్లు ఉండేది. అంటే అప్పుడు రోడ్డు మీద కాలిన లీటరుకి వెనక్కొచ్చింది 19.2 సెంట్లే. అదే ట్రక్కు క్వారీలోనో, ప్రైవేట్ సైట్ లోనో తిరిగితే మొత్తం 51.6 సెంట్లు వచ్చేవి. టిప్పర్ తొట్టి పైకి లేపడానికి ఖర్చయిన డీజిల్ కి కూడా పూర్తి రేటే. ఎక్స్కవేటర్ రోడ్డెక్కదు కాబట్టి దానికి గొడవే లేదు.

ఒకే ట్యాంకు, ఒకే డీజిల్, రెండు రేట్లు. ఏ లీటరు ఎక్కడ కాలిందో తెలిస్తేనే లెక్క తేలుతుంది.

2022లో అయితే ఇంకా విచిత్రం జరిగింది. మార్చి 30 నుంచి సెప్టెంబర్ 28 వరకు ప్రభుత్వం ఎక్సైజ్ ని సగానికి, అంటే 22.1 సెంట్లకి తగ్గించింది. అప్పుడు రోడ్డు ఛార్జీ 26.4 సెంట్లు. పన్ను కంటే ఛార్జీయే ఎక్కువ కాబట్టి, రోడ్డు మీద తిరిగే బరువు వాహనాలకు క్రెడిట్ సున్నా అయిపోయింది. ఆ ఆరు నెలలు ట్రక్కులకి వచ్చింది సైట్ లో కాలిన డీజిల్ మీద, తొట్టి లేపిన డీజిల్ మీద మాత్రమే. రికార్డు ఉన్నవాళ్ళకే డబ్బు అనమాట.

మా బావ దగ్గర రికార్డు లేదు. టిప్పర్ల డీజిల్ మొత్తం రోడ్డు మీదే కాలినట్టు అకౌంటెంట్ తక్కువ రేటుకే వేసేవాడు. "రోజూ డైరీ రాసేంత ఓపిక ఎవరికుంది బాబూ" అనేవారు బావ. నాకేమో ఇది వీకెండ్ ప్రాజెక్ట్ లా కనిపించింది.

హార్డ్‌వేర్: మొదటి తప్పు నాదే

హైదరాబాద్ నుంచి వస్తూ చవగ్గా వస్తోందని ఒక ట్రాకర్ తెచ్చాను. ఆన్ చేస్తే పవర్ లైటు వెలుగుతోంది, నెట్‌వర్క్ మాత్రం రాదు. అది 2జీ డబ్బా. ఆస్ట్రేలియాలో 2జీ 2018కల్లా పోయింది. టెల్స్ట్రా, ఆప్టస్ 2024 అక్టోబర్ 28 నుంచి 3జీ కూడా ఆపేశాయి. విదేశాల్లో ఉన్నవాళ్ళకి ఇండియా నుంచి ట్రాకర్ పంపేటప్పుడు బాక్స్ మీద 4జీ ఎల్‌టీఈ అని ఉందో లేదో, అక్కడి బ్యాండ్స్ సపోర్ట్ చేస్తుందో లేదో చూడండి.

రెండో విషయం వోల్టేజ్. కార్లు 12 వోల్ట్లు, బరువు ట్రక్కులు 24. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు అది 28 దాకా వెళ్తుంది. కారు ఓబీడీ పోర్ట్ లో గుచ్చే డాంగిల్ ఇక్కడ పనికిరాదు. 10 నుంచి 30 వోల్ట్లు తట్టుకునే, వైరింగ్ చేసి బిగించే 4జీ ట్రాకర్ కొన్నాను. దానిలో నాకు కావాల్సినవి మూడు: ఇగ్నిషన్ వైరు, తొట్టి లేపినప్పుడు పనిచేసే పీటీవోకి కలపడానికి ఒక డిజిటల్ ఇన్‌పుట్, ట్రక్కు కంప్యూటర్ తో మాట్లాడే క్యాన్ బస్ సపోర్ట్. బరువు వాహనాల్లో దీని భాష జె1939. ఇంజిన్ గంటకు ఎన్ని లీటర్లు తాగుతోందో ఆ లైన్ మీదే వస్తుంది.

వైరింగ్ కంటే ముందు చేయాల్సిన పని ఇంకోటి ఉంది. న్యూ సౌత్ వేల్స్ లో 2005 నాటి చట్టం ప్రకారం ఉద్యోగి నడిపే వాహనాన్ని ట్రాక్ చేయాలంటే 14 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ట్రాకింగ్ ఉందని వాహనం మీద కనిపించేలా నోటీసు అంటించాలి. కాగితం ఇచ్చినప్పుడు డ్రైవర్ అడిగిన ఒకే ప్రశ్న, "డ్యూటీ అయ్యాక కూడా చూస్తారా?" న్యాయమైన ప్రశ్నే. డ్యూటీ వేళల బయట వచ్చే పాయింట్లు సేవ్ కాకుండా సెట్ చేసి, ఆయనకే ఫోన్ లో చూపించాను.

సాఫ్ట్‌వేర్: 31 శాతం, అందరూ హ్యాపీ

సర్వర్ కి ట్రాకార్ వాడాను. ఓపెన్ సోర్స్, ఫ్రీ, చాలా రకాల ట్రాకర్ల ప్రోటోకాల్స్ దానికి అర్థమవుతాయి. రోడ్డు డేటాకి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, జీపీఎస్ పాయింట్లను రోడ్డు మీదకి అతికించడానికి ఓఎస్ఆర్ఎం. మధ్యలో నా పైథాన్ స్క్రిప్ట్. రూల్ సింపుల్: పాయింట్ రోడ్డుకి అతుక్కుంటే ఆన్-రోడ్, అతుక్కోకపోతే ఆఫ్-రోడ్. ఇంజిన్ తిరిగిన నిమిషాలను రెండు బుట్టల్లో వేసి, ఆ నిష్పత్తిలో బిల్లులోని లీటర్లను పంచాలి.

మొదటి రిజల్ట్: ఆఫ్-రోడ్ 31 శాతం.

ఆగస్టు 4 తర్వాత ఆ టిప్పర్ కి కొన్న డీజిల్ 3,000 లీటర్లు. పాత పద్ధతిలో 576 డాలర్లు. 31 శాతం అయితే 877. బావ చాలా సంతోషించారు. "బాగుంది కదా, ఇదే వేసేయ్" అన్నారు.

"బావా, ఏటీవో వాళ్ళు ఒక మంగళవారం చూపించి, ఈ 20 నిమిషాలు మీ ట్రక్కు ఎక్కడుందని అడిగితే ఏం చెప్తారు?" అన్నాను. ఏటీవో అంటే అక్కడి ట్యాక్స్ ఆఫీస్. రికార్డులు ఐదేళ్ళు దాచాలని వాళ్ళ రూల్. సరే అని ఇద్దరం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఆఫ్-రోడ్ పాయింట్లన్నీ ఎర్రగా మ్యాప్ మీద వేశాం.

బావ వేలు పెట్టి చూపించారు. "ఇదేంటి, వహ్రూంగా దగ్గర ఇంత ఎర్రగా ఉంది? అక్కడ మనకు సైటే లేదు."

నాలుగు తప్పులు

ఒకటి, టన్నెల్. వహ్రూంగా నుంచి వెస్ట్ పెనంట్ హిల్స్ దాకా భూమి కింద నార్త్‌కనెక్స్ అనే 9 కిలోమీటర్ల సొరంగం ఉంది. పెద్ద ట్రక్కులు పైన పెనంట్ హిల్స్ రోడ్డు వదిలేసి అందులోంచే వెళ్ళాలన్నది రూల్. లోపల జీపీఎస్ అందదు. చివరి పాయింట్లు ఎక్కడెక్కడో తేలుతుంటే నా స్క్రిప్ట్ "రోడ్డు లేదు" అనుకుని పూర్తి రేటు వేసేసింది. ఇప్పుడు సిగ్నల్ పోయిన సమయం మొత్తం డీఫాల్ట్ గా ఆన్-రోడ్. అనుమానం ఉంటే తక్కువ రేటు, ఇది నేను పెట్టుకున్న మొదటి నియమం.

రెండు, జియోఫెన్స్. సైట్ల చుట్టూ 300 మీటర్ల గుండ్రటి గీతలు గీశాను, ఎందుకంటే యాప్ లో అది తేలిక. ఆ గుండ్రంలోకి పక్కనున్న పబ్లిక్ రోడ్డు, దాని సిగ్నల్ కూడా వచ్చేశాయి. ట్రక్కు రెడ్ సిగ్నల్ దగ్గర ఆగినా రోడ్డు మీద ప్రయాణంలో ఉన్నట్టే లెక్క. గుండ్రాలు తీసేసి గేటు, ఫెన్సింగ్ వెంబడి పాలిగాన్ గీశాను. దాంతోపాటు పాయింట్ల గ్యాప్ ని 30 సెకన్ల నుంచి 10కి తగ్గించాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో 30 సెకన్లంటే అర కిలోమీటర్, ఆ మధ్యలో గేటు ఎప్పుడు దాటిందో తెలియదు.

మూడు, నిమిషాలు. అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. సైట్ లో లోడు కోసం నిలబడ్డ నిమిషం, లోడుతో హైవే ఎక్కిన నిమిషం ఒకటి కాదు. జె1939 డేటా చూస్తే ఈ టిప్పర్ ఐడ్లింగ్ లో గంటకు 3 లీటర్లలోపే తాగుతోంది, హైవే మీద లోడుతో 30కి దగ్గర. నేనేమో రెండింటికీ సమానంగా పంచాను.

నాలుగోది రివర్స్. క్వారీ లోపలి ప్రైవేట్ దారులు కూడా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లో రోడ్లుగానే ఉన్నాయి, దాంతో నిజంగా ఆఫ్-రోడ్ అయిన కొంత భాగం పోయింది. ప్రైవేట్ అని ట్యాగ్ ఉన్నవాటిని, మేం స్వయంగా చూసి తెలిసినవాటిని వేరు చేశాను. టోల్ రోడ్డు మాత్రం డబ్బు కట్టినా పబ్లిక్ రోడ్డే.

అన్నీ సరిచేశాక వచ్చింది 14 శాతం.

14 శాతం అంటే ఎంత?

3,000 లీటర్లలో 420 లీటర్లు ఆఫ్-రోడ్. ఒక్కో లీటరుకి అదనంగా వచ్చేది సరిగ్గా ఆ 32.4 సెంట్లు. అంటే 136 డాలర్లు ఎక్కువ, మొత్తం 712. నా మొదటి లెక్కకి, దీనికి తేడా 165 డాలర్లు. ఆ డబ్బు మాది కాదు. అలాగే వేసేసి ఉంటే ప్రతి క్వార్టర్ అదే తప్పు ఆటోమేటిక్ గా, నీట్ పీడీఎఫ్ తో సహా వెళ్ళేది. డైరీలో తప్పు ఆ ఒక్క రోజుకే. స్క్రిప్ట్ లో తప్పు రోజూ జరుగుతుంది, పైగా చూడటానికి పక్కాగా ఉంటుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. లీటర్లు ఎప్పుడూ ఫ్యూయల్ కార్డ్ బిల్లు నుంచే తీసుకోవాలి. ట్రక్కు కంప్యూటర్ చెప్పే లీటర్లు అంచనా మాత్రమే, పంపు మీటర్ తో సరిపోవు. అందుకే దాన్ని పంచే నిష్పత్తికే వాడాను. రెండోది, రేటు డీజిల్ కొన్న తేదీని బట్టి. 2025 జూలై-సెప్టెంబర్ క్వార్టర్ లో ఆగస్టు 3 వరకు ఎక్సైజ్ 50.8, తర్వాత 51.6. స్క్రిప్ట్ లో తేదీల పట్టిక ఉండాల్సిందే. ఏడాదికి 10,000 డాలర్లలోపు క్లెయిమ్ చేసేవాళ్ళు క్వార్టర్ చివరి రేటు ఒక్కటే వాడుకోవచ్చు.

నాలుగేళ్ళ వెనక్కి క్లెయిమ్ చేసే వీలుంది కాబట్టి "ఇదే 14 పాతవాటికీ వేద్దామా" అని బావ అడిగారు. వద్దన్నాను. అప్పటి సైట్లు వేరు, అప్పుడు ట్రాకర్ లేదు.

మీరు చేయొచ్చా?

ఒకటి రెండు ట్రక్కులు, కాస్త పైథాన్ వస్తే చేయొచ్చు. పెద్ద ఫ్లీట్ అయితే ఏటీవో నుంచి క్లాస్ రూలింగ్ తెచ్చుకున్న టెలిమాటిక్స్ ప్రొడక్ట్స్ మార్కెట్ లో ఉన్నాయి, వాటి పద్ధతిని ముందే పరిశీలించి ఉంటారు కాబట్టి తలనొప్పి తక్కువ. ఎలాగైనా చివరి లెక్క అకౌంటెంట్ చూడాలి.

మన దగ్గర కూడా ఈ ప్రశ్న దూరమైనదేం కాదు. ఆంధ్రప్రదేశ్ లో మర బోట్ల డీజిల్ సబ్సిడీని 2019లో లీటరుకు 6.03 నుంచి 9 రూపాయలకు పెంచారు. డీజిల్ మీద డబ్బు వెనక్కిచ్చే ఏ పథకానికైనా అసలు ప్రశ్న ఒకటే: ఆ లీటరు నిజంగా ఎక్కడ కాలింది? ట్రాకర్ ఉన్నచోట జవాబు సగం డబ్బాలో ఉంటుంది. మిగతా సగం మా బావ లాంటివాళ్ళ దగ్గర ఉంటుంది. మ్యాప్ చూసి "అక్కడ మనకు సైటే లేదు" అని చెప్పగలిగేది వాళ్ళే.

ఇప్పుడు ప్రతి క్వార్టర్ రిపోర్ట్ పంపే ముందు ఆ ఎర్ర మ్యాప్ ఆయనకి పంపుతున్నాను. ఆయన ఓకే అంటేనే 7డి గడి నిండుతుంది.