చిరునామాల వర్గీకరణ – యాప్ పనితీరు పరిశీలన

పరీక్షా ఫలితాలు వెలువడిన రోజున ఒక విద్యార్థిని సెల్‌ఫోనులో యాప్ తెరచి, తన హాల్ టికెట్ సంఖ్యను నమోదు చేసి, మార్కుల కోసం ఎదురుచూస్తున్నదనుకొందాం. ఎనిమిది సెకన్ల వరకు తెరపై ఏమీ కనిపించదు. అదే సమయంలో ఆ యాప్‌ను నిర్వహించే ఇంజనీరు ముందున్న పట్టికలో సగటు ప్రతిస్పందన కాలం 0.89 సెకను అని నమోదై ఉన్నది. విద్యార్థిని అనుభవమూ నిజమే, ఇంజనీరు చూస్తున్న అంకె కూడా నిజమే. మరి ఇంతటి వ్యత్యాసం ఎట్లా సంభవించింది? దీనికి కారణం, అభ్యర్థనలను వాటి చిరునామాలను బట్టి వర్గీకరించిన తీరులో ఉన్నది.

యాప్ చూపించే సమాచారంలో అధికభాగం దూరాన ఉన్న సర్వరు నుండి వస్తుంది. అందుకై యాప్ ఒక అభ్యర్థన పంపుతుంది. ప్రతి అభ్యర్థనకు ఒక చిరునామా ఉంటుంది. దానినే యు.ఆర్.ఎల్. అంటారు. దాని నిర్మాణాన్ని టిమ్ బెర్నర్స్-లీ, ఆయన సహచరులు 1994 డిసెంబరులో వెలువడిన ప్రమాణ పత్రంలో నిర్వచించారు. అందులో సర్వరు పేరు, దాని తరువాత ఏటవాలు గీతలతో విడదీసిన మార్గభాగాలు, అవసరమైనచోట ప్రశ్నార్థకం వెంట అదనపు వివరాలు ఉంటాయి. పనితీరును పరిశీలించే సాధనం ప్రతి అభ్యర్థనకు పట్టిన కాలాన్ని, పంపిన, అందిన సమాచార పరిమాణాన్ని, జయాపజయాలను నమోదు చేస్తుంది.

ఈ నమోదును ఏ శీర్షిక క్రింద చేర్చాలి అనేదే అసలు సమస్య. "/ఫలితాలు/1001/మార్కులు", "/ఫలితాలు/1002/మార్కులు" అనే చిరునామాలను వేర్వేరుగా ఉంచితే, పదివేల మంది విద్యార్థులకు పదివేల వరుసలు ఏర్పడతాయి. ఒక్కొక్క వరుసలో ఒకటి రెండు కొలతలే ఉంటాయి. ఒక్క కొలతను బట్టి పనితీరు బాగున్నదో లేదో నిర్ణయించడం సాధ్యం కాదు. అంతేగాక, ప్రతి కొత్త విలువకూ ఒక కొత్త కొలతల శ్రేణిని భద్రపరచవలసి రావడం వల్ల పరిశీలన సాధనమే భారంతో క్రుంగిపోతుంది. వినియోగదారుల సంఖ్యలను, ఈమెయిల్ చిరునామాలను శీర్షికలుగా వాడరాదని ప్రొమీథియస్ అనే ప్రసిద్ధ సాధనపు మార్గదర్శకాలు హెచ్చరించడానికి కారణం ఇదే.

కనుక మారే భాగాన్ని తొలగించి, మారని భాగాన్ని నిలుపుకొని, "/ఫలితాలు/*/మార్కులు" అనే నమూనాను ఏర్పరుస్తారు. ఇది మనకు కొత్త విషయమేమీ కాదు. మన తపాలా శాఖ 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన పిన్‌కోడ్‌లో మొదటి అంకె ప్రాంతాన్ని, మొదటి మూడంకెలు సార్టింగ్ జిల్లాను, చివరి మూడంకెలు పంపిణీ చేసే కార్యాలయాన్ని తెలుపుతాయి. ఉత్తరాలను వేరుచేసే ఉద్యోగి ఇంటి నంబరును చూడడు. అది పోస్ట్‌మాన్‌కు కావలసిన వివరం. ఏ దశలో ఎంత వివరం అవసరమో అంతే చూడటం వర్గీకరణకు ప్రాణం.

ఫైర్‌బేస్ పనితీరు పరిశీలన సాధనం ఇట్టి నమూనాలను కొంతవరకు తానే ఏర్పరుస్తుంది. మనం స్వయంగా కూడా నిర్దేశించవచ్చు. అందులో ఒక నక్షత్రపు గుర్తు ఒక మార్గభాగానికి మాత్రమే ప్రతినిధి. జంట నక్షత్రాలు ఆపై మిగిలిన మార్గమంతటికీ ప్రతినిధులు. ఒక అభ్యర్థనకు రెండు మూడు నమూనాలు సరిపోయినప్పుడు, వాటిలో అత్యంత నిర్దిష్టమైన దానికే అది చెందుతుంది. సర్వరు వైపున ఈ ఊహతో పని లేదు. ఏ మార్గం ఏ నమూనాకు చెందినదో దానిని వ్రాసిన ప్రోగ్రామే ఎరుగును. 2019లో ఆరంభమైన ఓపెన్‌టెలిమెట్రీ ప్రమాణాలు ఆ నమూనానే నమోదు చేయమని కోరుతున్నాయి.

అయితే అతివివరం ఎంత దోషమో, అతిసంగ్రహం కూడా అంతే దోషం. మొదట చెప్పుకొన్న ఉదాహరణలో ఇంజనీరు "/**" అనే ఒకే నమూనాను పెట్టుకొన్నాడు. అందువల్ల ఆ సర్వరుకు వచ్చిన అభ్యర్థనలన్నీ ఒకే శీర్షిక క్రిందికి చేరాయి. వంద అభ్యర్థనలలో తొంభై చిన్న చిన్న బొమ్మల కోసం వచ్చినవి. ఒక్కొక్క దానికి 0.1 సెకను చొప్పున 9 సెకన్లు. మిగిలిన పది మార్కుల కోసం వచ్చినవి. ఒక్కొక్క దానికి 8 సెకన్ల చొప్పున 80 సెకన్లు. మొత్తం 89 సెకన్లను వందతో భాగిస్తే వచ్చేది 0.89. మార్కులు కోరిన ప్రతి విద్యార్థీ ఎనిమిది సెకన్లు వేచి ఉన్నప్పటికీ, ఆ నిరీక్షణ బొమ్మల వేగం క్రింద మరుగునపడిపోయింది. మార్కుల అభ్యర్థనలకు ప్రత్యేక నమూనా ఒకటి ఉండి ఉంటే, లోపం మొదటి నిమిషంలోనే బయటపడేది.

వర్గం సరిగా ఏర్పడిన తరువాత కూడా సగటును మాత్రమే నమ్మరాదు. నూటికి తొంభై అయిదు అభ్యర్థనలు ఎంత కాలంలోపల పూర్తి అయినవో తెలిపే 95వ శతాంశాన్ని కూడా చూడవలెను. నిదానమైన నెట్‌వర్కుపై ఆధారపడేవారి ఇబ్బంది అక్కడనే బయటపడుతుంది.

ఇందులో మరొక బాధ్యత కూడా ఉన్నది. చిరునామాలో హాల్ టికెట్ సంఖ్య, ఫోను నంబరు వంటివి ఉంటే, వాటిని యథాతథంగా భద్రపరచడం వ్యక్తుల ఆంతరంగిక విషయాలను పరుల చేతికి అందించడమే అవుతుంది. పట్టికకు చేరకముందే ఆ స్థానంలో నక్షత్రపు గుర్తు ఉంచితే లెక్కా స్పష్టమవుతుంది, గోప్యతా నిలుస్తుంది.

వర్గీకరణ పైకి యాంత్రికమైన పనిగా కనిపిస్తుంది. కాని ఎవరి కష్టం పట్టికలో కనిపించాలో, ఎవరిది కనిపించకుండా పోవాలో నిర్ణయించేది అదే. రేపు ఈ వృత్తిలో ప్రవేశించబోయే మన విద్యార్థులు ఒక నమూనాను వ్రాసే ముందు, దాని వెనుక ఎదురుచూస్తున్న మనిషి ఎవరో ఒక్కసారి ఆలోచించుట మేలు.