వాగు పొంగితే డయాలసిస్ ఎట్లా?

ఏటూరునాగారం: వానాకాలం దగ్గర పడిందంటే ఈ ఏజెన్సీలో నెలలు నిండిన గర్భిణుల పేర్లు వైద్య సిబ్బంది నోటిమీద ఉంటాయి. వాగులు పొంగకముందే వారిని ఆస్పత్రి ఉన్న ఊరికి చేర్చే పద్ధతి వచ్చింది. మంచి పద్ధతి. మరి మూత్రపిండాలు చెడిపోయి, డయాలసిస్ మీద బతుకుతున్న వారి సంగతి ఏమిటి?

కాన్పుకు ఒకటే గడువు. డయాలసిస్‌కు సాధారణంగా వారానికి మూడు గడువులు. వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు మంచం మీద ఉండాలి. రక్తంలోని మలినాన్ని, ఒంట్లో చేరిన అదనపు నీటిని కిడ్నీలకు బదులు యంత్రం తీసివేస్తుంది. రెండు మూడు గడువులు తప్పితే నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం పుడుతుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోనూవచ్చు. వరద తీసేదాకా ఓపిక పట్టమంటే పట్టే జబ్బు కాదిది.

ఇక్కడి వరద ఎట్లాంటిదో ఎవరికీ చెప్పనక్కరలేదు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. జంపన్నవాగు కొండాయి మీద విరుచుకుపడింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. దొడ్ల, కొండాయిల నడుమ వంతెన కొట్టుకుపోయింది. అంతకు ముందటేడు, 2022 జూలైలో, గోదావరే ఊళ్ల మీదికి వచ్చింది. డయాలసిస్ పడక వరంగల్ ఎం.జి.ఎం.లో ఉన్నా, ములుగులో ఉన్నా, ఇంకా దగ్గరలో ఉన్నా, వాగు అవతల చిక్కుకున్న మనిషికి అది లేనట్టే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ జబ్బే. అక్కడ పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి వచ్చింది. మన దగ్గర రోగులు అంతమంది లేకపోవచ్చు. కాని వాళ్లకు లేని నీటి అడ్డం మనకుంది. దానికి కావలసింది కోట్లు కాదు, ముందుచూపు.

పేర్లు కొత్తగా వెదకనక్కరలేదు. డయాలసిస్ రోగులకు తెలంగాణ ప్రభుత్వం 2022లో నెలకు రూ. 2,016 చొప్పున ఆసరా పింఛను ఇచ్చింది. చికిత్స ఆరోగ్యశ్రీ కింద జరుగుతుంది. అంటే పేర్లు, ఊర్లు సర్కారు కాగితాల్లోనే ఉన్నాయి. ఏ ఊరి మనిషికి ఏయే రోజుల్లో డయాలసిస్, వానొస్తే ఏ వాగు అడ్డం, వెంట ఎవరు వస్తారు అన్నవి ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు రాసి పెట్టుకుంటే చాలు. వాన హెచ్చరిక రాగానే గర్భిణితోపాటు ఆ మనిషినీ జీపు ఎక్కించవచ్చు. డయాలసిస్ జరిగే చోట జనరేటరుకు డీజిలు, శుద్ధి చేసిన నీరు సిద్ధంగా ఉన్నాయో లేవో ముందే చూసుకోవాలి. ఒక్కరికి ఒక్కసారి చేయడానికే సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. చుట్టూ వరద ఉన్నా అది పనికిరాదు కదా.

తిండి సంగతి చాలామందికి తెలియదు. పునరావాస కేంద్రంలో పెట్టే పులిహోర, పచ్చడిలో ఉప్పు ఎక్కువ. ఈ రోగులకు ఉప్పు తగ్గాలి, తాగే నీళ్లూ డాక్టరు చెప్పిన కొలత దాటరాదు. చూడవచ్చిన బంధువులు ప్రేమతో కొబ్బరి బొండాం, అరటిపండ్లు తెస్తారు. వాటిలో పొటాషియం హెచ్చు. డాక్టరు వద్దన్న రోగికి ఆ ప్రేమ చేటే చేస్తుంది.

వానాకాలంలో మరో రకం రోగులూ ఉంటారు. రక్తపింజర కాటేసినా, మలేరియా ముదిరినా నిన్నటిదాకా బాగున్న కిడ్నీలు ఉన్నట్టుండి పనిమానేస్తాయి. వెంటనే పెద్దాస్పత్రికి చేర్చి కొన్నాళ్లు డయాలసిస్ చేస్తే చాలామందికి అవి మళ్లీ కోలుకుంటాయి. కాటు పడ్డాక మూత్రం తగ్గినా, ఎర్రగా వచ్చినా పసరు మందుకోసం ఆగరాదు. ఇట్లా వచ్చేవారికోసం కూడా ఒక పడక ఖాళీగా ఉంచాలి.

ఏటా తొలకరికి ముందు వరద ఏర్పాట్లపై అధికారులు సమావేశమవుతారు. పడవలు, బియ్యం, కిరోసిన్, గర్భిణుల జాబితా చర్చకు వస్తాయి. ఈసారి ఐ.టి.డి.ఏ., వైద్యశాఖల అధికారులు ఆ కాగితాల్లో డయాలసిస్ రోగుల జాబితా కూడా చేర్చాలి.