మూడు నిమిషముల పాట

మా కాపురము తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ప్రక్కనే. మా మేడమీది గదిలో అద్దెకున్న బాలిక ఇక్కడి ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయమున జపాను భాష చదువుచున్నది. పోయిన మాఘమాసమున నొకనాటి సాయంకాలము ఆమె గదినుండి యేదో పాట వినవచ్చెను. మగగొంతు, తేలికయైన నడక, నడుమ ఈలపాట. క్రింద వసారాలో ఒత్తులు చేయుచున్న మామ్మగారు, మావారి నాయనమ్మ, తొంబదియొక్క యేండ్ల వృద్ధురాలు, చెవియొగ్గి, “వీడెవడో గాని ఏడుపు దిగమింగుకొని పాడుతున్నాడే!” అనిరి.

బాలిక విని నివ్వెఱపోయెను. కన్నీరు నేలపై బడకుండ తల పైకెత్తి నడచువాని పాటయట యది. నకమురా హచిదాయి స్వరము కూర్పగా సకమోతో క్యూ అను యువకుడు 1961లో పాడెను. 1963లో అమెరికాలో అన్ని పాటలను మించి మొదటి స్థానమున నిలిచెను. పాశ్చాత్యులు దానికి ‘సుకియాకి’ యని ఒక జపాను మాంసపు వంటకము పేరు పెట్టిరట! పాటకును కూరకును పొత్తేమో వారికే తెలియవలెను.

“ఇలాంటివి మాకూ ఉండేవి. సాలూరివారి పాటలు,” అని మామ్మగారు మరల ఒత్తులలో బడిరి.

నాకు పోతన భాగవతమును, వసుచరిత్రను చెప్పిన మా నాయనగారు ఈ లలితగీతములను ‘కూనిరాగము’లనుచుండిరి. నేనును చాలకాలమట్లే తలచితిని. ఇప్పుడు విచారింపగా కూనిరాగమగుటయే వాని గొప్ప యని తోచుచున్నది. అప్పటికి మనకున్న పాట రెండు విధములు. ఒకటి నాటకపు పద్యము. కడపటి వరుసవానికి వినబడునట్లు కంఠమెత్తి చదువవలెను. రెండవది సభలోని కీర్తన; దానికి ఏండ్ల తరబడి గురుశుశ్రూష కావలెను. పొయ్యి యొద్ద కూర్చున్న యిల్లాలికి ఈ రెండును అందనివే. పెండ్లిపాటలు, మంగళహారతులు ఉన్నవి గాని అవి పదిమందితో గలసి పాడునవి. ఒంటరి మనసునకు గావు.

సాలూరి రాజేశ్వరరావుగారు 1922లో సాలూరు దగ్గఱి శివరామపురమున జన్మించిరి. తండ్రి సన్యాసిరాజుగారు మృదంగము వాయించువారు. 1935లో ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రమున కృష్ణుడుగా నటించి, పిమ్మట కలకత్తా చేరి, అచ్చట పంకజ మల్లిక్, సైగల్ గార్ల గానమును దగ్గఱనుండి వినిరి. తిరిగివచ్చి గ్రామఫోనుకు పాడిన పాటలలో ‘తుమ్మెదా ఒకసారి’ ఒకటి. రావు బాలసరస్వతీదేవిగారితో గలసి పాడిన ‘కోపమేల రాధా’ మఱొకటి. వీరిద్దఱును 1940లో ‘ఇల్లాలు’ చిత్రమునను పాడిరి. అప్పటికి ఆమెకు పండ్రెండేండ్లు.

ఈ క్రొత్తపాటకు యంత్రమును తోడ్పడినది. 1925కు ముందు గాయకులు గొట్టములోనికి బిగ్గరగా పాడిననేగాని రికార్డున కెక్కెడిది కాదు. విద్యుచ్ఛక్తితో మైకు వచ్చిన పిమ్మట గుసగుసయు నెక్కినది. పది అంగుళముల లక్కపలక నిమిషమునకు 78 మారులు తిరుగును. ఒక ప్రక్కకు పట్టునది మూడు నిమిషములకు కొంచెము పైగా. అందులో నెరవులకు, స్వరకల్పనలకు చోటెక్కడిది? ఉన్నంతలో మాట తెలియవలెను, రాగపు ఛాయ తగులవలెను. చెవిదగ్గఱ మాటలాడినట్లు పాడుట రాజేశ్వరరావుగారు పట్టిన కీలకము. 1951లో ‘మల్లీశ్వరి’, 1955లో ‘మిస్సమ్మ’ పాటలకు మూలము ఇందే యున్నదని నా యభిప్రాయము.

బాలసరస్వతీదేవిగారు 1943లో ‘భాగ్యలక్ష్మి’లో తెరవెనుకనుండి మఱొక నటికి గొంతిచ్చిరి. 1944లో కోలంక జమీందారుగారిని వివాహమాడిరి. తరువాతను, 1953నాటి ‘దేవదాసు’ మొదలగు చిత్రములలో పాడిరి గాని, రానురాను ఆ గొంతు అరుదైనది. 2025లో హైదరాబాదులో కన్నుమూసిరి.

ఆ వార్త పత్రికలో చదివి వినిపించిననాడు మామ్మగారు అన్నము ముట్టలేదు. కారణము అప్పుడడుగలేదు, ఈ జపాను పాట వచ్చిన తరువాతనే తెలిసినది. పుట్టినింట ‘కోపమేల రాధా’ పలకను వేసి వేసి రెండు గొంతులను ఆమె యొక్కరే నేర్చిరట. పదునాలుగవ యేట కాపురమునకు వచ్చునప్పుడు ఆ పలకను చీరల నడుమ బెట్టుకొని తెచ్చుకొనిరి. ఒకనాడు మజ్జిగ చిలుకుచు పాడుచుండగా మామగారు విని, “ఇంటికోడలి నోట రావలసిన పాటేనా ఇది?” అనిరట. పలక అటకెక్కినది. రెండు వేసవులకు అప్పడమువలె వంగిపోయినది. “మీరు తరువాత పాడలేదా?” యంటిని. “ఇంట్లోనా?” అనిరి. ఆ మామగారు పోయి అరువదేండ్లు దాటినది!

మఱునాటి వేకువను నేనును ఆ బాలికయు ఆమెను ఆటోలో విశ్వవిద్యాలయము లోపలికి దీసికొనిపోయితిమి. 1939లో తెఱచిన ఆ ఆర్ట్సు కళాశాల రాతిమేడ యెదుట, వ్యాహ్యాళికి వచ్చినవారు దూరమైన పిమ్మట, కొంగు నోటికడ్డము పెట్టుకొని ఆమె ఎత్తుకొనిరి. గొంతు వణకుచున్నది, శ్రుతి తప్పలేదు. ఒకచోట మాత్రము ఒకే ముక్కను మూడుమార్లు పలికి ముందునకు సాగిరి. మఱపేమో యనుకొంటిమి. బాలిక తన ఫోనులో అసలు పాట వినిపించగా అది ఆ చోటున ఆగక నున్నగా దాటిపోయెను.

మామ్మగారు తల యూచి, “మా పలక మీద అక్కడ గీత ఉండేది. ముల్లు మూడుసార్లు తిరిగితేగాని దాటేది కాదు,” అని, మరల మొదటినుండి తమ పద్ధతినే పాడిరి.